పాత పడవ బేరం: రంగు కింద ఏముందో చూశారా?

వేట ఆగిన రెండు నెలలే బందరు తీరంలో పడవలు చేతులు మారే కాలం. బంగారం కుదువపెట్టి, షావుకారు దగ్గర అప్పు తెచ్చి కొనే ఆ పడవ ఇంటిని నిలబెట్టనూవచ్చు, ముంచనూవచ్చు. కొనేముందు ఎక్కడ తట్టి చూడాలి, ఏ కాగితం అడగాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి?

ఏటా ఏప్రిల్ 15 వచ్చేసరికి తూర్పు తీరమంతా వేట ఆగుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి జూన్ 14 వరకు, అంటే 61 రోజుల పాటు, మర పడవలూ మోటారు బిగించిన తెప్పలూ సముద్రం మీదికి పోకూడదు. ఆ రోజుల్లో మచిలీపట్నం గిలకలదిండి రేవులో ఒకచోట వడ్రంగులు పలకలు మారుస్తుంటారు. ఇంకోచోట ఇంజన్ విప్పి గోనెపట్టా మీద పరిచి ఉంటుంది. నీడ దొరికిన ప్రతిచోటా వలలు బాగుచేసుకునేవాళ్లు కనిపిస్తారు. దివిసీమలో నాగాయలంక, సొర్లగొంది, ఎదురుమొండి, పాలకాయతిప్పల్లోనూ ఇదే సందడి.

పాత పడవల బేరాలకూ అనువైన కాలం ఇదే. మరమ్మతు ఖర్చు భరించలేని యజమాని ఆ భారం నెత్తిన పడకముందే అమ్మేయాలనుకుంటాడు. కొనేవాడు జూన్ 15 తెల్లారేసరికి వలతో సముద్రంలో ఉండాలనుకుంటాడు. ఇద్దరికీ తొందరే. ఆ తొందరలోనే కొత్త రంగు పూసిన పాత పలక, రెండు గంటలు నడిచి ఆగిపోయే ఇంజన్, ఇంకొకరి పేరున ఉన్న రిజిస్ట్రేషన్ చేతికొస్తాయి. తప్పు బయటపడేది తీరంలో కాదు, గట్టు కనుమరుగైన తర్వాత. అప్పుడు పడవలో సరంగుతో పాటు ఆరేడుగురు కళాసీలు ఉంటారు. వాళ్లెవరూ బేరంలో మాట్లాడినవాళ్లు కాదు.

కొత్త పడవకు ప్రభుత్వ సాయం లేకపోలేదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో, సంప్రదాయ మత్స్యకారులు పాత పడవ స్థానంలో కొత్త పడవ, వలలు తెచ్చుకునేందుకు యూనిట్ ధరను 5 లక్షల రూపాయలుగా, లోతు సముద్రంలో వేటాడే పడవకు 1.20 కోట్లుగా లెక్కగట్టారు. సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 60 శాతం రాయితీ. కానీ మిగతా సొమ్ము ఎక్కడినుంచి తేవాలి? బ్యాంకుకు హామీ ఎవరిస్తారు? మంజూరు కాగితం వచ్చేదాకా ఇల్లు ఎలా గడుస్తుంది? అందుకే ఏళ్ల తరబడి ఇంకొకరి పడవ మీద సరంగుగా పనిచేసి సొంత పడవ కావాలనుకున్న మనిషికి దగ్గర దారి పాత పడవే. ఆ దారి తప్పేమీ కాదు. చూసుకుని నడవాలి, అంతే.

ముందు మొగను చూడండి

పడవ ఎంత గట్టిదైనా మన రేవుకు సరిపోకపోతే దండగ. గిలకలదిండిలో సముద్రంలోకి వెళ్లే మొగ దగ్గర ఇసుక మేట వేయడం పాత బాధ. కొత్త హార్బరు పనుల వెనుక ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి. నీరు తీసిన వేళ పెద్ద పడవలు మొగ దాటలేక పోటు కోసం కాచుకోవాల్సి వస్తుంది. విశాఖపట్నంది సహజంగా లోతైన రేవు. అక్కడ హాయిగా తిరిగిన పడవ ఇక్కడ అడుగు నేలకు తగిలి కూలబడొచ్చు. దివిసీమలో మడ అడవుల మధ్య పాయల్లో తిరిగేవాళ్లకైతే లోతు ఇంకా తక్కువ. అక్కడ మోటారును పైకి ఎత్తుకునే వీలున్న తేలికపాటి ఫైబర్ పడవే నడుస్తుంది.

కాబట్టి మొదటి ప్రశ్న ధర గురించి అడగకూడదు. ఐసు, డీజిలు, మంచినీళ్లు, వలలు, సరుకు అన్నీ ఎక్కించినప్పుడు పడవ నీటిలో ఎంత లోతు దిగుతుందని అడగాలి. ఖాళీ పడవను చూసి లెక్క వేస్తే తిరుగు ప్రయాణంలో, నిండా చేపలున్న రోజునే, మొగ దగ్గర చిక్కుకోవాలి.

వేట ఎక్కడ చేస్తారన్నదీ ముందే తేల్చుకోవాలి. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు నీళ్లను రాష్ట్రంలో సంప్రదాయ పడవలకు కేటాయించారు. మర పడవ కొంటే అంతకు అవతలికి పోవాలి. అంటే డీజిలు ఎక్కువ, రోజులు ఎక్కువ, పెట్టుబడి ఎక్కువ. ఆ ఖర్చు తట్టుకోలేక ఒడ్డు పక్కనే వల లాగితే చిన్న పడవలవాళ్లతో తగాదా, మత్స్యశాఖతో కేసు.

ఉప్పునీరు కాదు, మంచినీరే శత్రువు

చెక్క పడవను చూసేటప్పుడు చాలామంది కళ్లు నీటికి తగిలే అడుగు పలకల మీదే ఉంటాయి. అడుగును చూడాల్సిందే. కానీ చెక్కను కుళ్లబెట్టే బూజుకు ఉప్పు పడదు, మంచినీరు కావాలి. పైతట్టు మీద నిలిచిన వాన నీరు, క్యాబిన్ మూలల్లో ఇంకిన తడి, అన్నింటికన్నా ముఖ్యంగా ఐసు పెట్టె కింద కారే నీరు. ఐసు కరిగితే వచ్చేది మంచినీరే. అది ఏళ్ల తరబడి లోపలి వంపు కర్రల్లోకి దిగుతుంది. పైన వేసిన థర్మాకోలు, ఫైబర్ పొర వల్ల ఎవరికీ కనపడదు. పడవలో అతి బరువు మోసే చోటే అతి రహస్యంగా కుళ్లుతుంది. అమ్మేవాడు ఒప్పుకుంటే ఐసు పెట్టెలో ఒక పలక ఊడదీయించండి. ఒప్పుకోకపోతే ఆ నిరాకరణను ధరలో లెక్క వేసుకోండి.

నీటి అడుగున బెడద వేరు. కొయ్యను తొలిచే సముద్రపు పురుగు లోపలికి దూరే రంధ్రం సూది మొన అంత ఉంటుంది. లోపలికి వెళ్లాక పలక పొడవునా సొరంగాలు చేస్తుంది. బయటికి పలక నున్నగానే ఉంటుంది. తట్టి చూస్తే తప్ప తెలియదు. గట్టి చెక్క ఖంగుమంటుంది, డొల్ల చెక్క మొద్దుగా మోగుతుంది. చిన్న సుత్తితో అణియం నుంచి అమరం దాకా, రెండు వైపులా, జానెడు జానెడుకూ తట్టుకుంటూ పోవాలి. అనుమానం వచ్చినచోట స్క్రూడ్రైవరు మొనతో గుచ్చాలి. దిగిందంటే ఆ పలక మార్చాల్సిందే. మేకుల చుట్టూ ఎర్రటి చారలు కారి ఉంటే లోపల మేకు తుప్పుపట్టిందని అర్థం. ఒక్క మేకు తుప్పు పడితే దాని చుట్టూ ఉన్న చెక్కా చచ్చిపోతుంది.

ఒక్క వైపే కొత్త రంగు, ఒక్క చోటే కొత్త లప్పం కనిపిస్తే ఆగాలి. మొత్తం పడవకు రంగు వేయడం ఏటా చేసే పని. ఒక్క చోట వేయడం అక్కడ ఏదో జరిగిందనడానికి గుర్తు. పాత చెక్క పడవకు బయట ఫైబర్ తొడుగు వేసి అమ్మడం మరీ జాగ్రత్తగా చూడాల్సిన విషయం. గట్టి చెక్క మీద వేసిన తొడుగు పురుగును ఆపుతుంది, మంచిదే. తడి చెక్క మీద వేస్తే లోపలి తేమను బంధించి కుళ్లును పెంచుతుంది. తొడుగు వేసి ఎన్నేళ్లయింది, ఎవరు వేశారు, అప్పుడు ఏ పలకలు మార్చారు అని అడగాలి. ఆ పని చేసిన మేస్త్రిని కలిసి మాట్లాడాలి.

ఈ తీరంలో ఓడ మరమ్మతు విద్య చిన్నదేమీ కాదు. 1611లో బందరుకు వచ్చిన గ్లోబ్ అనే ఇంగ్లిష్ ఓడ తిరుగు ప్రయాణానికి ముందు మరమ్మతు కోసం నరసాపురం వెళ్లింది. ఆ తర్వాత కూడా ఐరోపా వర్తకులు నరసాపురం, మాధవాయిపాలెం ప్రాంతంలో ఓడలు కట్టించుకున్నారు. కాకినాడ దగ్గర తాళ్లరేవులో పడవలు కట్టే మేస్త్రులు నేటికీ ఉన్నారు. అలాంటి చెయ్యి తిరిగిన మేస్త్రిని ఒకరోజు కూలి ఇచ్చి తెచ్చుకుంటే పడవ ధరలో అది లెక్కలోకి రానంత తక్కువ. ఆ మేస్త్రి మీరు తెచ్చినవాడై ఉండాలి, అమ్మేవాడు చూపించినవాడు కాకూడదు.

ఫైబర్‌కు పురుగు పట్టదు, కానీ...

ఫైబర్ పడవ మీద మోజు సహజమే. తేలిక, తుప్పు పట్టదు, ఏటా లప్పం పెట్టే పని లేదు. 1980ల్లో చెన్నై కేంద్రంగా పనిచేసిన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం ఒడ్డుకు ఎక్కించే పడవల నమూనాలు చేసినప్పటి నుంచి తూర్పు తీరంలో ఫైబర్ వాడకం పెరుగుతూ వచ్చింది. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత ఒక్కసారిగా వేల పడవలు పంచారు. తొందరగా పంచాల్సి రావడంతో వాటిలో కొన్ని నాసిరకంగా తయారయ్యాయని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిపుణులే తర్వాత ఎత్తిచూపారు. ఆనాటి పడవల వయసు ఇప్పుడు 20 ఏళ్లు దాటింది.

ఫైబర్‌లో నాణ్యత అంతా పొరల్లో దాగి ఉంటుంది. ఎన్ని పొరలు వేశారో, నారకు రెసిన్ సరిగా పట్టిందో లేదో బయటికి తెలియదు. రూపాయి బిళ్లతో తట్టండి. టంగుమంటే పొరలు కలిసి ఉన్నట్టు, మొద్దుగా మోగితే లోపల పొరలు విడిపోయినట్టు. ఒడ్డుకు ఎక్కిస్తూ దించుతూ అడుగు ఇసుకకు అరుగుతుంది. పై పూత పోయి లోపలి నారలు కనిపిస్తుంటే నీరు తాగడం మొదలైందన్నమాట. అణియం దగ్గర సాలెగూడు లాంటి పగుళ్లుంటే ఎప్పుడో గట్టి దెబ్బ తగిలింది. పడవ మునగకుండా తేలడానికి లోపల నింపిన ఫోమ్ నీరు పీల్చిందేమో చూడాలి. ఖాళీ పడవ ఒక పక్కకు ఒరిగినా, ఉండాల్సిన దానికన్నా కిందికి దిగినా అదే కారణం కావచ్చు. ప్రమాదంలో పడవ బోల్తాపడితే పట్టుకుని తేలాల్సింది ఆ ఫోమ్ ఆధారంగానే.

మోటారు బిగించే వెనుక పలక మరో ముఖ్యమైన చోటు. ఫైబర్ పొరల మధ్య అక్కడ సాధారణంగా ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల గుండా నీరు దిగి అది కుళ్లుతుంది. మోటారును పట్టుకుని పైకీ కిందికీ గట్టిగా ఊపండి. పలక దానితోపాటు కదిలితే బేరం అక్కడే ఆపండి.

చల్లటి ఇంజన్‌ను చూడండి

గేదెను కొనేటప్పుడు అమ్మేవాడి మాట నమ్మి ఊరుకోం, రెండు పూటలా దగ్గరుండి పాలు పిండించి చూస్తాం. ఇంజన్‌కూ అంత చూపు కావాలి. చూడటానికి వెళ్లగానే ముందు చెయ్యి వేసి చూడండి. వేడిగా ఉంటే మీరు వచ్చేలోపు స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్లీ రండి. మొదటి స్టార్ట్‌లోనే దాని ఆరోగ్యం తెలుస్తుంది. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ వస్తే డీజిలు సరిగా కాలడం లేదు, లేదా ఇంజన్ మోయలేని బరువు మోస్తోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే లోపలికి నీరు వెళ్తోందేమోనని అనుమానించాలి. ఆయిల్ పుల్ల తీసి చూసినప్పుడు ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే ఆ అనుమానం నిజం.

లారీ నుంచి తీసిన ఇంజన్‌ను పడవలో బిగించడం దేశమంతటా ఉన్నదే. దానికదే మోసం కాదు. సముద్రానికి తగ్గట్టు మార్చారా అన్నదే చూడాలి. ఇంజన్‌లో తిరిగే మంచినీటిని బయటినుంచి సముద్రపు నీటితో చల్లబరిచే ఏర్పాటు, ఆ సముద్రపు నీటిని తోడే పంపు, పొగ గొట్టం చుట్టూ నీటి తొడుగు ఉండాలి. అవి లేకుండా ఉప్పునీటిని నేరుగా ఇంజన్‌లోకి పంపుతుంటే లోపలి దారులన్నీ తుప్పుతో మూసుకుపోతాయి. మీ మెకానిక్‌తో ఈ ఒక్క విషయం విడిగా చూపించుకోండి. ఇంజన్ మీద చెక్కిన నంబరు కాగితాల్లోని నంబరుతో కలుస్తుందో లేదో అప్పుడే రాసుకోండి.

కాలువలో ఒక చుట్టు తిప్పి చూపిస్తే సరిపోదు. వేట ఆగిన కాలంలో సముద్రంలోకి తీసుకెళ్లడానికి వీల్లేదు కాబట్టి, బేరం కుదిరినా కొంత సొమ్మును మొదటి వేట అయ్యాకే ఇస్తానని రాయించుకోవాలి. తొందర తక్కువ ఉన్నవాళ్లకు ఇంకా మంచి దారి ఉంది. వేట నడుస్తున్న నెలల్లోనే పడవను ఎంచుకుని, యజమాని ఒప్పుకుంటే ఒక వేటకు కళాసీగా వెళ్లండి. సరంగు ఎన్నిసార్లు నీళ్లు తోడిస్తున్నాడో, వల లాగేటప్పుడు వించి ఎలా మొరాయిస్తోందో, పంకా ఇరుసు దగ్గర నీరు ఎంత కారుతోందో సముద్రం మీద దాచలేరు.

కాగితం మీద ఎవరి పడవ?

2008 నవంబర్‌లో ముంబయి మీద దాడి చేసిన ఉగ్రవాదులు కుబేర్ అనే గుజరాత్ చేపల పడవను చేజిక్కించుకుని వచ్చారు. ఆ తర్వాత దేశమంతటా చేపల పడవల రిజిస్ట్రేషన్, మత్స్యకారుల గుర్తింపు కార్డులు, తీర తనిఖీలు కట్టుదిట్టమయ్యాయి. ఇప్పుడు రియల్‌క్రాఫ్ట్ అనే కేంద్ర పోర్టల్‌లో పడవల రిజిస్ట్రేషన్, లైసెన్సులు నడుస్తున్నాయి. 2024 ఆగస్టులో పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించిన 364 కోట్ల రూపాయల పథకంలో లక్ష పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు బిగించాలని నిర్ణయించారు. తుపాను హెచ్చరిక అందడానికీ, ఆపదలో ఉన్నామని చెప్పడానికీ పనికొచ్చే పరికరం అది. పాత యజమాని పేరు, ఫోను నంబరే రికార్డులో ఉండిపోతే ఆపద వేళ అధికారులు ఫోను చేసేది పడవ అమ్మేసి ఇంట్లో కూర్చున్న మనిషికి.

అందుకే స్టాంపు కాగితం మీద అమ్మకం రాసుకోవడంతో పని అయిపోదు. మత్స్యశాఖ రికార్డులో పేరు మారితేనే పడవ మీదవుతుంది. లీటరుకు 9 రూపాయల డీజిలు రాయితీ రావాలన్నా రికార్డే ఆధారం. 2025లో 20 వేల రూపాయలకు పెంచిన వేట నిషేధ భృతి మీ కళాసీలకు అందాలన్నా పడవ కాగితాలు సరిగ్గా ఉండాలి. 2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో మంటలు చెలరేగి పదుల సంఖ్యలో పడవలు కాలిపోయినప్పుడు ప్రభుత్వం పడవ విలువలో 80 శాతం పరిహారం ప్రకటించింది. అలాంటి రోజున ముందుగా అడిగేది యజమాని ఎవరన్న ప్రశ్నే. బీమా కంపెనీ అడిగేదీ అదే.

యజమాని చనిపోయిన పడవ అయితే వారసులందరి సంతకాలు కావాలి. భాగస్వాములున్న పడవ అయితే అందరూ ఒప్పుకోవాలి. రాయితీతో వచ్చిన పడవ అయితే అమ్మకం మీద షరతులున్నాయేమో శాఖలో అడగాలి. వేరే జిల్లా నుంచో వేరే రాష్ట్రం నుంచో తెచ్చేది అయితే అక్కడి శాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకున్నాకే కదలాలి. పడవ మీద రాసిన నంబరు, కాగితంలోని పొడవు, వెడల్పు, ఇంజన్ శక్తి అన్నీ టేపు పట్టి సరిచూసుకోవాలి. ఒక పడవ కాగితాలతో ఇంకో పడవను అంటగట్టకుండా కాపాడేది ఆ కొలతలే.

పడవతోపాటు వచ్చే అప్పు

తీరంలో చాలా పడవల వెనుక షావుకారు ఉంటాడు. సీజన్ మొదట్లో డీజిలుకూ ఐసుకూ వలలకూ అతను సొమ్ము ఇస్తాడు. దానికి బదులుగా చేపంతా అతనికే, అతను చెప్పిన ధరకే వేయాలి. ఈ అప్పు చాలాసార్లు ఏ కాగితం మీదా ఉండదు. పడవ కొన్న నెలకు ఆ షావుకారు రేవులో నిలబడి పాత బాకీ తీరేదాకా చేప నాకే వేయాలంటే కొత్త యజమాని ఏం చేస్తాడు? కళాసీలకు ముందుగా ఇచ్చిన అడ్వాన్సులదీ ఇదే కథ. బ్యాంకు తాకట్టు కాగితంలో దొరుకుతుంది. షావుకారు బాకీ మాత్రం ఊళ్లో అడిగితేనే దొరుకుతుంది. కాబట్టి బేరం ఖాయం చేసేముందు ఆ పడవ చేప ఎవరికి వేస్తుందో తెలుసుకుని, ఆ మనిషిని కలిసి, బాకీ లేదని పెద్దమనుషుల ముందు రాయించుకోవాలి.

ధరలో ఏమేం కలిసి ఉన్నాయో కూడా రాతలో ఉండాలి. వలలు, వించి, తీగ తాళ్లు, లంగరు, బ్యాటరీలు, చేపలను చూపే యంత్రం, జీపీఎస్, వైర్‌లెస్ సెట్టు, లైఫ్ జాకెట్లు. మాట మీద వదిలేస్తే పడవ తెచ్చుకునే రోజుకు సగం సామాను కనిపించదు.

బయానా ఇచ్చేముందు

• పడవను ఒడ్డెక్కించి, పొడిగా ఉన్నప్పుడు, పగటి వెలుగులో చూశారా?
• వడ్రంగి మేస్త్రి, మెకానిక్ ఇద్దరూ మీరు తెచ్చినవాళ్లేనా?
• ఐసు పెట్టె అడుగు, పంకా ఇరుసు, మోటారు పలక ప్రత్యేకంగా చూశారా?
• చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయించి, కనీసం గంటసేపు బరువుతో నడిపించారా?
• రిజిస్ట్రేషన్, లైసెన్సు, బ్యాంకు బాకీ, పెండింగు కేసులు మత్స్యశాఖ కార్యాలయంలో స్వయంగా సరిచూశారా?
• షావుకారు బాకీ గురించి రేవులో అడిగారా?
• నిండు బరువుతో మీ మొగ దాటగల పడవేనా?
• మరమ్మతుకూ, మొదటి రెండు వేటల డీజిలుకూ చేతిలో విడిగా సొమ్ము ఉందా?
• పేరు మారేదాకా కొంత సొమ్ము ఆపుకున్నారా?

ఈ పని ఒక్కడిది కాదు

బ్రిటన్‌లో, అమెరికాలో పాత పడవ కొనేవాళ్లు సర్వేయర్‌ను పెట్టుకుంటారు. పడవను నీటిలోంచి పైకి తీయించి అతను నివేదిక రాసిచ్చాకే బేరం పక్కా అవుతుంది. మన దగ్గర ఆ అలవాటు లేదు. చదువు తక్కువ, తొందర ఎక్కువ, అప్పు మెడ మీద ఉన్న మనిషి ఒంటరిగా ఇంత పెద్ద బేరం చేస్తున్నాడు. తుపాను గాలి తెలిసిన తీరం మనది. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచి 10 వేలకు పైగా ప్రాణాలు తీసుకుంది. ఆ తర్వాత తుపాను కేంద్రాలు కట్టుకున్నాం, హెచ్చరికలు ఇళ్లకు చేరేలా చేసుకున్నాం. పడవ ఆరోగ్యాన్ని మాత్రం ఇంకా అదృష్టానికి వదిలేస్తున్నాం.

దీన్ని మార్చడం కష్టమేమీ కాదు. పడవలన్నీ ఒడ్డునే ఉండే 61 రోజులు ఏటా మన చేతిలో ఉన్నాయి. ఆ రోజుల్లో గిలకలదిండిలోనూ నాగాయలంకలోనూ మత్స్యశాఖ తనిఖీ శిబిరాలు పెట్టాలి. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, ఇంజన్లు తెలిసిన శిక్షకులున్నారు. అనుభవమున్న వడ్రంగి మేస్త్రులకు గుర్తింపు, రోజు కూలి ఇచ్చి వాళ్లతో కలిపితే చాలు. అమ్మదలచిన ప్రతి పడవకూ ఒక్క పేజీ నివేదిక ఇవ్వాలి. చెక్క ఎలా ఉంది, ఇంజన్ ఎలా ఉంది, కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి, బాకీలు, కేసులు ఏమున్నాయి. ఆ నివేదిక చూసి బ్యాంకు పాత పడవకూ అప్పు ఇవ్వగలుగుతుంది, బీమా కంపెనీ ధీమాగా విలువ కట్టగలుగుతుంది. షావుకారు మీద ఆధారపడటం కొంతైనా తగ్గుతుంది. పడవను బాగా చూసుకున్న యజమానికి మంచి ధర వస్తుంది.

అంతవరకు ఆ పని మత్స్యకార సహకార సంఘాలు చేయొచ్చు. సంఘం తరఫున ఒక మేస్త్రిని, ఒక మెకానిక్‌ను పెట్టుకుని, సభ్యుడు కొనే ప్రతి పడవనూ చూపించాలి. వాళ్లు వద్దన్న పడవను కొననివ్వకూడదు. జూన్ 15న సముద్రంలో లేకపోయినా ఫర్వాలేదు. జూలైలో మంచి పడవతో వెళ్లొచ్చు. కొనేది ఒక ఇల్లు, వెళ్లేది ఏడెనిమిది ఇళ్ల మనుషులు. కాబట్టి చూడటం మాత్రం ఊరంతా కలిసి చూడాలి.